కావయ్య తుది పశ్చాత్తాపం

‘చిన్నమంద’ అనే పిల్లల టీవీ కార్యక్రమానికి చరిత్ర రాయించాలని గోదావరి తీర సువార్త సంఘాల మహాసభ వారు ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘం ఇంకా మొదటి పేజీలోనే ఉంది. కార్యక్రమాన్ని స్థాపించింది మా తాతగారంటే మా తాతగారని మూడు కుటుంబాలు పట్టుబట్టి కూర్చున్నాయి. నిజానికి దాన్ని స్థాపించింది ఒక విరిగిన గొడుగు.

పాలకొల్లు సంఘం గుడిలో ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు పిల్లలకు జలప్రళయం కథ చెబుతున్నారు. ఓడలోంచి ముందు కాకిని వదిలారు, తర్వాత పావురాన్ని వదిలారు, పావురం ఆకు పట్టుకొచ్చింది అని ముగించి, ప్రార్థన చేసుకుందాం అన్నారు.

“మరి కాకి ఏమైందండి?” అని వెనక వరసలోంచి ఒక పిల్ల అడిగింది.

అయ్యగారు అప్పటికే కళ్లు మూసుకున్నారు. మూసుకున్న కళ్లు తెరవకుండానే, “అది మనకు అనవసరం” అన్నారు.

సండే స్కూలు చెప్పే హెప్సిబా టీచర్‌కు ఆ జవాబు మింగుడుపడలేదు. కాకి సంగతి పట్టించుకోకుండా పావురాన్ని మాత్రం నెత్తిన పెట్టుకోవడం ఏం న్యాయమని ఇంటికెళ్లేదాకా గొణుక్కుంది. ఆ వారంలోనే గాలివానకు ఆవిడ భర్త గొడుగు విరిగింది. ఆ నల్లగుడ్డతో కాకిని కుట్టింది. కొబ్బరి చిప్ప ముక్కతో ముక్కు, చొక్కా గుండీలతో కళ్లు. పేరు కావయ్య. మరుసటి ఆదివారం కావయ్య ఆవిడ కుడిచేతి మీద కూర్చుని పిల్లలకు తన సంగతి తానే చెప్పుకున్నాడు. ఓడలోంచి ఎగిరి, తిరిగి తిరిగి, ఆకలేసి పాలకొల్లు వచ్చాడట. ఇక్కడ రొయ్యలు బాగున్నాయని ఉండిపోయాడట.

కాకి మాట్లాడితే టీచర్ పెదాలు కదిలేవి. పెదాలు కదలకుండా మాట్లాడే విద్య ఆవిడకు రాదు. అయినా పిల్లలెవరూ ఆవిడ పెదాల వంక చూడలేదు.

ఊళ్లో కేబుల్ నడిపే రాజుగారి ఆడపిల్లలిద్దరూ ఒక క్రిస్మస్‌కి స్నేహితురాళ్లతో గుడికొచ్చి కావయ్యను చూసి, ఇంట్లో అన్నం మానేసినంత పనిచేశారు. రాజుగారు టీచరమ్మను పిలిపించి, ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఎవరూ టీవీ చూడరు, ఆ అరగంట మీ కాకికి ఇచ్చేశాను పొమ్మన్నారు. అలా మొదలైంది ‘చిన్నమంద’.

కార్యక్రమం ఎప్పుడూ ఒకే దారిన నడిచేది. టీచర్ కథ మొదలుపెట్టేది. మధ్యలో కావయ్య ఏదో ఒక వెధవ పని చేసేవాడు. కానుకల పళ్లెంలో బిస్కెట్టు తినేసి ఎలక తిన్నదనేవాడు. కంఠత వాక్యం రాకపోతే దగ్గొచ్చినట్టు నటించేవాడు. ప్రార్థనలో కళ్లు తెరిచి, ఎవరెవరు తెరిచారో లెక్క చెప్పేవాడు. చివర్లో తల వంచి, “తప్పయిపోయింది టీచర్, ఇంకెప్పుడూ చెయ్యను” అనేవాడు. ఆ మాట పడ్డాకే ముగింపు పాట. పిల్లలు కూడా టీవీ ముందు కూర్చుని వాడితోపాటు ఆ మాట అనేవాళ్లు. పై వారం కావయ్య ఇంకో వెధవ పని చేసేవాడు.

పేరు రానంతకాలం అది హెప్సిబా టీచర్ కాకి. పేరొచ్చాక అది మహాసభ వారి సమాచార పరిచర్య విభాగం. పాత మిషన్ హాస్టల్ పైఅంతస్తులో స్టూడియో కట్టారు. తలుపు మీద అధ్యక్షుల పేరు, కార్యదర్శి పేరు, కోశాధికారి పేరు రాయించారు. కాకి పేరు రాయడానికి జాగా చాల్లేదు. టీచర్ దానికేమీ నొచ్చుకోలేదు. మూడో తరగతి పిల్లలకు ఎక్కాలు చెప్పడం, ఆదివారం కాకితో తగువాడటం, ఈ రెండే ఆవిడకు తెలిసిన సుఖాలు.

రజతోత్సవం దగ్గరపడుతుండగా వచ్చింది తంటా. మహాసభ వార్షిక సమావేశంలో అజెండా అంతా అయిపోయి, భోజనాల వాసన కూడా తగిలాక, ‘ఇతర విషయములు’ కింద నేలపూడి జెకర్యా గారు లేచారు. ఆయన రిటైరైన తహసీల్దారు. ఆయన లేస్తే కూర మాడిపోతుందని వంటవాళ్లకు కూడా తెలుసు.

“గౌరవనీయులైన అధ్యక్షులవారికి, దైవసేవకులకు, ప్రతినిధులకు వందనములు” అన్నారాయన. “మన సంఘం తరఫున టీవీలో ఒక కాకి కనపడుచున్నది. సదరు కాకి ప్రతి ఆదివారమూ పశ్చాత్తాపపడుచున్నది. ప్రతి ఆదివారమూ వెనుకజారుచున్నది. ‘ఇంకెప్పుడూ చెయ్యను’ అని బహిరంగముగా వాగ్దానము చేసి, ఏడు దినములు తిరగకముందే ఉల్లంఘించుచున్నది. ఈ ప్రకారము పాతికేళ్లుగా జరుగుచున్నను ఏ అధికారీ చర్య తీసుకొనలేదు. నేనడుగునది ఒక్కటే. ఇది రక్షణా, లేక లైసెన్సు రెన్యువలా?”

నవ్వాలని చాలామందికి అనిపించింది గాని, ముందు ఎవరు నవ్వుతారోనని చూస్తూ అందరూ గంభీరంగా ఉండిపోయారు. ఆ గాంభీర్యం చూసి అధ్యక్షులు కొల్లాబత్తుల నతానియేలు గారికి విషయం తీవ్రమైనదేనని తోచింది. ఆయన మంచివాడు. కాకపోతే ఏ మాటకైనా ఒక తీర్మానం తొడగనిదే ఆయనకు తృప్తి ఉండదు.

తీర్మానం పదినిమిషాల్లో తయారైంది. ‘కావయ్య అనబడు కాకి రానున్న ఆదివారమున తుది పశ్చాత్తాపము పొందవలెను. అటుపిమ్మట సదరు కాకి యే తప్పిదమును చేయరాదు. ఇకమీదట కార్యక్రమములో పశ్చాత్తాపపడు వారందరికీ ఇదే నిబంధన వర్తించును.’ ఏకగ్రీవం. అందరూ భోజనాలకు లేచారు.

మర్నాడు అధ్యక్షులు టీచర్ని ఆఫీసుకు పిలిపించారు. జెకర్యా గారూ అక్కడే ఉన్నారు.

“అమ్మా, మీ సేవను మహాసభ ఎంతో కొనియాడింది” అన్నారు. అలా మొదలుపెడితే వెనకాల ఏదో ఉందని ఆవిడకు పాతికేళ్ల అనుభవం. తీర్మానం చదివి వినిపించారు.

“మరి ఆ తర్వాత వారం ఏం చెయ్యాలండి?” అంది టీచర్.

“సంతోషించాలి.”

“దాని పై వారమండి?”

అధ్యక్షులు జెకర్యా గారి వంక చూశారు. జెకర్యా గారు, “సంతోషంలో కొనసాగాలి” అన్నారు.

టీచర్ ఇంటికొచ్చి కావయ్యను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఎదురుచెప్పొచ్చు. కాని స్టూడియో వాళ్లది, కెమెరా వాళ్లది, కార్యక్రమం పేరు కూడా ఇప్పుడు వాళ్లదే. కాదంటే కావయ్య పూర్తిగా పోతాడు. మంచివాడిగానైనా మిగులుతాడు కదా అనుకుంది. అక్కడే ఆవిడ పొరపాటు పడింది.

తుది పశ్చాత్తాపం చిత్రీకరణకు ముగ్గురు పెద్దలు సాక్షులుగా వచ్చి ముందు కుర్చీల్లో కూర్చున్నారు. కావయ్య తల వంచి, “తప్పయిపోయింది టీచర్, ఇంకెప్పుడూ చెయ్యను” అన్నాడు. ఈసారి ఆ మాట నిజంగానే జరగబోతోందని గుర్తొచ్చి టీచర్‌కు దుఃఖం ఆగలేదు. కెమెరా ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. జెకర్యా గారు పక్కాయన చెవిలో, “చూశారా, అసలైన పశ్చాత్తాపం అంటే ఇదీ” అన్నారు.

తీర్మానానికి పిల్లలు పుట్టాయి. రక్షణ పొందినవాడు హిమమువలె తెల్లబడాలి కదా, కాకి ఇంకా నల్లగా ఉంటే ప్రేక్షకులకు తప్పుడు సందేశం వెళ్లదా అని ఒక సభ్యుడు అడిగాడు. తెల్లబట్ట తొడిగించాలని ఆదేశం వచ్చింది.

హెప్సిబా టీచర్ అంతకుముందెప్పుడూ మహాసభ ఆఫీసులో గొంతు పెంచలేదు. ఆ రోజు పెంచింది. “నల్లరంగు పాపమని మీకెవరు చెప్పారండి? నన్ను చూడండి. మా అమ్మ నాకంటే నలుపు. ఈ గుళ్లో మొదటి ఇటుక మోసింది మా అమ్మమ్మ, ఆవిడ ఇంకా నలుపు. మమ్మల్నందర్నీ కూడా తెల్లబట్టలో కుట్టేస్తారా?”

ఆ గదిలో ఉన్న పెద్దలు ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఏ చెయ్యీ హిమంలా లేదు. అధ్యక్షులు దగ్గి, “రంగు ప్రతీకాత్మకమమ్మా. వ్యక్తిగతంగా తీసుకోవద్దు” అన్నారు. ఆదేశం మాత్రం ఆదేశమే. ఆవిడకు ఒళ్లు మండిపోయింది. మండిన ఒంటితోనే కుట్టింది. పై ఆదివారం తెల్లకావయ్య తెరమీదికొచ్చి, “ఆమేన్” అన్నాడు. సోమవారం బడిలో మూడో తరగతి పిల్లలు, “టీచర్, కావయ్య ఏడండి? ఆ కొంగ ఎవరండి?” అని అడిగారు.

ఇక కావయ్యకు చేయడానికి ఏమీ లేదు. అలాగని ఎవరూ తప్పు చేయకపోతే కథ నడవదు, చివర్లో ఆ మాట పడకపోతే పాట రాదు. అందుకని టీచర్ ఒక ఉడుతను కుట్టింది. ఉడుత జామపండు దొంగిలించి, తప్పయిపోయిందంది. నిబంధన ప్రకారం అది తుది పశ్చాత్తాపం. తెల్లబట్ట తొడుక్కుని కావయ్య పక్కన కూర్చుని ఆమేన్ అంది. పై వారం తొండ. ఆ పై వారం ముంగిస. ప్రతి వారం ఒక కొత్త పాపి పుట్టడం, మూడున్నరకల్లా పరిశుద్ధుడైపోవడం. బల్ల మీద తెల్లబొమ్మలు వరసలు కట్టాయి. అన్నిటికీ ఆమేన్ చెప్పాల్సింది టీచరే. ఉడుతకు సన్నగొంతు, తొండకు బొంగురుగొంతు. అరగంటలో పాతిక నిమిషాలు ఆమేన్లే అయ్యేవి.

పీత వచ్చినప్పుడు అసలు గొడవ రేగింది. పీత చెల్లెలి లడ్డూ తినేసింది, అంతే. సముద్రం పక్కనున్న నరసాపురం ప్రాంతం ప్రతినిధులు వ్యానేసుకుని వచ్చేశారు.

“పీతంటే ఎవరిదండి? మాది కాదా?” అన్నాడు వాళ్లలో పెద్దాయన. “పాపిని వెయ్యాలంటే మా ఏరియానే దొరికిందా మీకు? మొన్న ఉడుతంటే ఊరుకున్నాం. పాలకొల్లోళ్లకి ఎలుకలు లేవా ఏంటండి?”

మహాసభ అత్యవసరంగా కూర్చుని, ఇకమీదట పాపి ఏ ప్రాంతానికీ, ఏ గురుమండలానికీ చెందినవాడై ఉండరాదని తేల్చింది. జంతువులన్నీ ఏదో ఒక ప్రాంతానివే కాబట్టి జంతువులు రద్దు. మనిషిని పెట్టాలి. దానికి ‘పాపి నియామక ఉపసంఘం’ ఏర్పడింది, జెకర్యా గారి అధ్యక్షతన. గుళ్లన్నిటికీ ప్రకటన వెళ్లింది. ‘పాపి కావలెను. పూర్తి సభ్యత్వము, బాప్తిస్మము, నిర్ధారణ పొందియుండుట, సంఘకాపరి నుండి సత్ప్రవర్తన ధ్రువపత్రము తప్పనిసరి. అనుభవమున్నవారికి ప్రాధాన్యత.’

ఇంటర్వ్యూలకు టీచర్ని కూడా కూర్చోబెట్టారు. మొదట వచ్చినతను గుడిలో తబలా వాయిస్తాడు.

“మీరు చేసిన పాపములు క్లుప్తముగా చెప్పండి” అన్నారు జెకర్యా గారు.

“అబ్బే, నాకలాంటివేం లేవండి. మా అయ్యగారిని అడగండి, కావాలంటే.”

“మరి ఈ ఉద్యోగానికెందుకొచ్చారు?”

“టీవీలో కనపడతానని మా ఆవిడ పంపిందండి.”

తర్వాత వచ్చినవాడు చక్కగా నవ్వుతూ, పేకాట, అబద్ధాలు, అత్తారితో తగువు అని గడగడా చెప్పేశాడు. ఉపసంఘం ముచ్చటపడింది. తీరా అడిగితే సత్ప్రవర్తన ధ్రువపత్రం లేదు. పంపించేశారు. మధ్యాహ్నానికి జెకర్యా గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, “అనుభవమున్నవాడికి సర్టిఫికెట్టు లేదు. సర్టిఫికెట్టున్నవాడికి అనుభవం లేదు. సంఘంలో అర్హులైన పాపులు కరువయ్యారు” అని నిజంగానే దిగులుపడ్డారు. టీచర్‌కు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పాపి దొరికేదాకా ఆ స్థానం ఖాళీగా ఉంచాలని, అందుకు గుర్తుగా వేదిక మీద ఒక కుర్చీ వేయాలని తీర్మానించారు. కుర్చీకి ‘పాపి’ అని బోర్డు తగిలించారు. కుర్చీ ఖాళీగా ఉంటే ఆ మాట అనేవాళ్లు లేరు, ఆ మాట లేక పాటా లేదు. కార్యక్రమం ఆమేన్లతోనే ఆగిపోతోంది.

ఈలోగా కేబుల్ రాజుగారు టీచరింటికి వచ్చారు. ఆయన గడపలో నిలబడి మాట్లాడటం అదే మొదటిసారి.

“టీచరమ్మా, మీకు తెలియని సంగతి కాదు. పిల్లలు చూడ్డం మానేశారండి. మా పెద్దమ్మాయికి ఇప్పుడు కొడుకు. ఆ బుడ్డోడికి చూపిద్దామని పెడితే, ఈ తెల్ల పిట్టలన్నీ ఎందుకేడుస్తున్నాయని అడిగాడండి. ఆయ్. మూడింటి స్లాటు స్థలాలమ్మేవాళ్లు అడుగుతున్నారు. మీ ఉత్సవం లైవు ఇస్తానన్నాను, ఇస్తాను. అది కూడా ఇలాగే ఉందంటే ఇంక నావల్ల కాదండి. తప్పుగా అనుకోకండి.”

“లేదండి, రాజుగారు. మీరు చూపించినంత ఓపిక మావాళ్లే చూపించలేదు” అంది టీచర్. తలుపేసుకున్నాక వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. పాతికేళ్లు కాపాడుకొచ్చిన అరగంట. అది ఒక్క ఆదివారం దూరంలో పోబోతోంది.

రజతోత్సవం రానే వచ్చింది. హాస్టల్ ముందు షామియానా, ఫ్లెక్సీలో పెద్దలందరి ఫొటోలు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లలను ఆటోల్లో తోలుకొచ్చారు. వేదిక మీద తెల్లబొమ్మల వరసలు, వాటి ముందు బోర్డు తగిలించిన ఖాళీ కుర్చీ. ముఖ్య అతిథి, కథకుడు, అన్నీ అధ్యక్షులు నతానియేలు గారే. రెండింటికి రావాల్సినవారు మూడు దాటాక వచ్చారు. పిల్లలు ఎండలో ఉడికిపోయి ఉన్నారు. లైవ్ మొదలైపోయింది. టీచర్ బొమ్మల వెనక నిలబడి ఆమేన్లతో నెట్టుకొస్తోంది.

అధ్యక్షులు తెల్ల అంగీ సవరించుకుని మైకు అందుకున్నారు. “ప్రియమైన చిన్నారులారా, ఆలస్యమైనందుకు చింతించవద్దు. రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి అడ్డమొచ్చి, ఎంతకీ గేటు తీయలేదు. అయినను దేవుడు నన్ను మీ మధ్యకు క్షేమముగా తెచ్చెను.”

ముందు వరసలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది. బజారులో టిఫిన్ హోటల్ వాళ్ల అమ్మాయి. దానికి ఎవర్నీ పట్టించాలని లేదు. తెలిసిన మొహం కనపడిందన్న సంబరం, అంతే.

“తాతగారు, ఇందాక మా హోటల్లో పెసరట్టు తిన్నారు కదండి. మా అమ్మ మీకు మళ్లీ చట్నీ కూడా వేసింది. చాలాసేపు కూర్చున్నారు కదండి.”

మైకు దగ్గరగానే ఉంది. ఆ మాట షామియానా అంతా, ఊరంతా, కేబుల్ ఉన్న ప్రతి ఇల్లూ వింది.

అధ్యక్షులు అంగీ మళ్లీ సవరించుకున్నారు. పెద్దలు ఫ్లెక్సీ వంక చూశారు. పిల్లలు మాత్రం కొంచెం ముందుకు జరిగి కూర్చున్నారు. నెలల తరబడి వాళ్లకు దొరకంది ఇప్పుడు దొరికింది. ఎవరో తప్పు చేశారు, దొరికిపోయారు. ఇక రావాల్సిన మాట ఒకటుంది. అది రావాలి, పాట పాడాలి. వాళ్లు ఎదురుచూశారు. ఎంతకీ రాకపోయేసరికి, మరిచిపోయాడేమోనని జాలిపడి, ఒక మూల నుంచి అందించడం మొదలుపెట్టారు. “తప్పయిపోయింది...”

పక్క వరస అందుకుంది. “తప్పయిపోయింది...”

జెకర్యా గారు వంగి, “అయ్యా, ఇది అజెండాలో లేదు” అని గొణిగారు.

నతానియేలు గారు మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. ఎన్నో వేల ప్రసంగాల్లో ఆయన అందర్నీ తప్పు ఒప్పుకోమన్నాడు. తాను ఒప్పుకున్నట్టు గుర్తులేదు. ఎదురుగా ఆ పిల్లలు వెక్కిరించడం లేదు. వాళ్లకు తెలిసిన మంచిపని ఆయనతో చేయిస్తున్నారు, అంతే. ఆయన అటూ ఇటూ చూశాడు. దగ్గర్లో ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు. ఏ కుర్చీలో కూర్చున్నాడో కూర్చున్నాక గాని చూసుకోలేదు.

“తప్పయిపోయింది” అన్నాడు, మైకు పక్కకు జారిపోతుంటే మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకుని. “గేటు పడలేదు. ఆకలేసింది, ఆగాను. మిమ్మల్ని ఎండలో కూర్చోబెట్టాను. తప్పయిపోయింది అమ్మా. ఇంకెప్పుడూ చెయ్యను.”

పాట లేచింది. పిల్లలు ఊగిపోతూ పాడారు. టీచర్ బొమ్మల వెనక నిలబడి వాళ్లతోపాటు పాడింది. ముసలాయన మీద ఆవిడకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది. రాజుగారు ఆ సాయంత్రమే ఫోన్ చేసి, స్లాటు మీదే టీచరమ్మా, ఎవరికీ ఇవ్వను, కాని పాపి ఉండాలండి, అని పెట్టేశారు.

సోమవారం మహాసభ కూర్చుంది. జెకర్యా గారు నిబంధన చదివారు. కార్యక్రమంలో పశ్చాత్తాపపడిన వారందరికీ అది తుదిది. అంటే అధ్యక్షులు ఇకమీదట ఏ తప్పిదమూ చేయరాదు, తెల్లబొమ్మల వరసలో కూర్చుని ఆమేన్ మాత్రమే చెప్పాలి. అంగీ ఇదివరకే తెల్లదైనందున ఆ ఖర్చు లేదు. జెకర్యా గారు ఇదంతా ఎగతాళికి అనలేదు. నిబంధన నిబంధనే అని ఆయన నమ్మకం.

రాజుగారికి పాపి కావాలి, అధ్యక్షులకు ఆ వరసలోంచి బయటపడే దారి కావాలి. ఎలాగైనా కావయ్యను మళ్లీ పాపిగా తేవాలి. అలాగని మహాసభ తీర్మానం తప్పని ఒప్పుకోకూడదు, మహాసభ తప్పు చేయదు. రెండు గంటలు బుర్రలు బద్దలు కొట్టుకుని జెకర్యా గారే దారి కనిపెట్టారు. తీర్మానం సరైనదే. కావయ్య పశ్చాత్తాపమే దొంగది. అది అసలైనదని అప్పుడు తానన్నది పొరపాటు పరిశీలన. పశ్చాత్తాపం చెల్లదని తేలితే తీర్మానం కావయ్యకు వర్తించదు, మొదలైందే కావయ్యతో కాబట్టి తర్వాతవాళ్లకూ వర్తించదు. కాకి పాత స్థితికి వస్తుంది. కాకి తరఫున హెప్సిబా టీచర్ సంతకం చేస్తే చాలు.

టీచర్ని పిలిచారు. కాగితం ముందు పెట్టారు. పాతికేళ్లుగా కావయ్య ప్రతి వారం చెప్పిన మాట కపటమనీ, తుది పశ్చాత్తాపం కూడా నటనేననీ అందులో ఉంది.

“సంతకం చేసెయ్యండమ్మా” అన్నారు జెకర్యా గారు. “మీ కాకి మీకొచ్చేస్తుంది. నలుపే ఉంచుకోండి.”

ఆవిడకు కావలసిందంతా ఆ బల్ల మీద ఉంది. పెన్ను చేతిలోకి తీసుకుంది. మళ్లీ పెట్టేసింది.

“పెట్టనండి” అంది.

“అదేంటమ్మా?”

“మా వాడు ప్రతి వారం నిజంగానే అన్నాడండి. ఆ మాట అనేప్పుడు నాకూ తప్పయిపోయిందనే అనిపించేది. పై వారం బిస్కెట్టు తిన్నది కూడా నిజంగానే తిన్నాడు. రెండూ నిజమే. ఇన్నేళ్లు వాడితోపాటు ఆ మాటన్న పిల్లలందర్నీ దొంగలని రాసిమ్మంటున్నారు మీరు. కాకి రాకపోయినా ఫర్లేదు, నేను పెట్టను.”

జెకర్యా గారు కళ్లద్దాలు తీశారు. “రెండూ నిజమెలా అవుతాయమ్మా? నిజంగా మారినవాడు మళ్లీ ఎందుకు చేస్తాడు?”

టీచర్ కాగితాన్ని వెనక్కి తోసింది. నతానియేలు గారు ఆ కాగితాన్ని తనవైపు లాక్కున్నారు.

“నిన్న నేనన్నది అబద్ధం కాదు, జెకర్యా గారు” అన్నారు నెమ్మదిగా. “ఆ పిల్లల ముందు నా గుండె ఎలా కొట్టుకుందో నాకు తెలుసు. ఇవాళ పొద్దున్న మా ఆవిడ టిఫిన్ ఏం తిన్నారని అడిగితే రెండు ఇడ్లీలన్నాను. నాలుగు తిన్నాను. అది కూడా నిజమే.”

అధ్యక్షులు కాగితాన్ని సగానికి చింపి, సగాలను మళ్లీ సగానికి చింపారు.

“శనివారం షూటింగుకు కావయ్యను నల్లగానే తీసుకురండమ్మా.”

“మరి రికార్డులో ఏ హోదాలో చూపమంటారు?” అన్నారు జెకర్యా గారు. పెన్ను తీసి సిద్ధంగా ఉన్నారు. అలవాటైన చెయ్యి.

“సంఘ సభ్యుడని రాసుకోండి.”

“పూర్తి సభ్యుడా అండి?”

“మనలాంటి సభ్యుడు.”

జెకర్యా గారు రాసుకున్నారు. రాసి, పెన్ను మూత పెట్టకుండా, తల ఎత్తకుండా, “అయ్యా, వచ్చేవారం మళ్లీ తప్పు చేస్తేనో?” అని అడిగారు. ఆయన గొంతు సభల్లో వినపడే గొంతులా లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

“చేస్తాడు” అన్నారు నతానియేలు గారు. “చేస్తాడు, జెకర్యా గారు. చేసి మళ్లీ మన దగ్గరికే వస్తాడు. రానివ్వండి.”